ఆయన చాయ్ తాగిన ఇల్లు

పోయిన మంగళవారం ల్యాబ్‌లో ఒక ముసలాయన చేతికి రక్తం తీస్తుండగా ఫోన్ మోగింది. రెండుసార్లు కట్ చేశాను. మూడోసారీ మా ఆయనే. "చిన్నబాపు పోయిండు. పొద్దుగాల వాకిట్ల కుర్చీ ఏసుకొని కూసున్నడట, గట్లనే పోయిండు" అన్నాడు. సూది ఇంకా నా చేతిలోనే ఉంది. ముసలాయన తన చెయ్యి చూసుకోవడం మానేసి నా ముఖం చూస్తున్నాడు. నాకు కోపం వచ్చింది. చెప్పుకోడానికి సిగ్గుగానే ఉంది, కానీ ముందు వచ్చింది అదే. ఏడాది పైగా నేను మాట మానేసిన మనిషి, మా ఇద్దరి మధ్య తేలాల్సిన మాట ఒకటి తేలకుండానే, అంత తీరిగ్గా కుర్చీలో కూర్చుని ఎలా పోతారు?

పేరు రాయను. రాసినా ఎవరికీ తెలియదు. మా మామగారికి వరుసకు తమ్ముడు కాబట్టి మా ఆయనకు చిన్నబాపు, నాకు చిన్నమామ. గల్ఫ్‌లో ఇరవై ఏళ్ళకు పైగా మేస్త్రీ పని చేసి, మోకాళ్ళు మొరాయించాక కోరుట్లకు వచ్చి కూర్చున్నారు. పొట్టి మనిషి. చొక్కా జేబులో ఎప్పుడూ మడత పెట్టిన గుడ్డముక్క ఒకటి ఉండేది. గోడ ముట్టుకున్నప్పుడల్లా దాంతో వేళ్ళు తుడుచుకునేవారు. ఊరందరి గోడలకు వంకలు పెట్టే మనిషి ఇంటి బయటి గోడలకు ప్లాస్టరింగే లేదు. ఇటుకలు అలాగే కనిపిస్తుంటాయి. అదేంటి మామా అని ఒకసారి అడిగితే, "నేను లోపటుంట గదా బిడ్డా" అన్నారు.

మాకు ఇల్లు లేదు. అదీ మా బాధ. నా ఉద్యోగం జగిత్యాలలో ఒక ప్రైవేటు ల్యాబ్‌లో. మా ఆయనది సిరిసిల్లలో మగ్గాలు రిపేరు చేసే పని. పొద్దున్నే బస్సెక్కి పోతాడు, చీకటి పడ్డాక వస్తాడు. పాప మూడో తరగతి. జగిత్యాలలో అద్దెకుంటున్నాం. ఒక ఇంటి ఓనరు కొడుక్కి పెళ్ళయిందని, ఇంకో ఓనరు వాస్తు మార్పిస్తున్నానని, ఏదో ఒకటి చెప్పి ఖాళీ చేయిస్తూనే ఉన్నారు. ఒకసారి సామాను ఎక్కిస్తుంటే మా పాప "అమ్మా, మన గోడ ఎప్పుడస్తది?" అని అడిగింది. మేకులు కొట్టొద్దు, రంగు పెన్సిళ్ళతో గీయొద్దు, ఇది మన గోడ కాదు అని దానికి పుట్టినప్పటి నుంచి చెబుతున్నాను మరి. ఆ మాట విన్నాక రాత్రింబవళ్ళు నాకు ఒకటే రంధి. పాప బడి మారేలోపు, ఈ జూన్ కాకపోతే వచ్చే జూన్ లోపు, ఎక్కడో ఒకచోట, రెండు గదులైనా సరే, మాదంటూ ఒకటి ఉండాలి.

కొత్త ఇల్లు మా తరం కాదు. పాతదో, సగం కట్టి వదిలేసిందో, ఊరి చివరదో అయితే బ్యాంకు లోను మీద ఎలాగో గట్టెక్కగలం. జగిత్యాల, సిరిసిల్ల రెండూ జిల్లా కేంద్రాలయ్యాక వాటి సందుగొందులకు కూడా పొగరొచ్చింది. మా వైపు ఇల్లు చూడడానికి ఎవరూ తమంతట తాము పోరు. సంగతి తెలిసిన పెద్దమనిషి ఒకరు వెంట ఉండాలి. లేకపోతే అమ్మేవాళ్ళు మనల్ని చిన్నపిల్లల కింద జమకడతారు. మాకున్న పెద్దమనిషి చిన్నమామ. పిలిస్తే ఒక్కమాట అనకుండా బస్సెక్కి వచ్చేవారు. ఛార్జీలు ఇస్తే తీసుకునేవారు కాదు. ఇన్ని చేసిన మనిషి మీద కోపమెందుకంటారా, వినండి.

ఆయన ఇల్లు చూసే తీరు వేరు. గేటు దాటగానే చెప్పులు విడిచేవారు, సిమెంటు దుమ్ములో పాదాలు కూరుకుపోయే సగం ఇల్లయినా సరే. అమ్మే మనిషి హాలు చూడండి, సీలింగు చూడండి అంటూ చేతులు ఊపుతుంటే ఈయన నేరుగా స్నానాల గదిలోకి నడిచేవారు. మగ్గుతో నీళ్ళు నేల మీద పోసి, మోకాళ్ళ మీద చేతులు ఆనించి వంగి, ఆ నీళ్ళు ఎటు పోతాయో చూస్తూ నిలబడేవారు. నీళ్ళకైనా తొందర ఉంటుందేమో కానీ ఈయనకు ఉండేది కాదు. తర్వాత వంటింటి గోడను బొటనవేలి గోటితో గీకి, గుడ్డ తీసి వేలు తుడుచుకునేవారు. ఆపైన పక్కింటికి పోయి మంచినీళ్ళు అడిగేవారు. ఆ ఇంటి ఆడమనిషి గ్లాసు చేతికిస్తుండగా, "ఎండకాలంల గూడ గిన్ని నీళ్ళుంటయా అవ్వా?" అనేవారు. అంతే, ఆమె మొదలుపెట్టేది. నల్లా ఎన్ని రోజులకు వస్తుందో, మోరీ ఎక్కడ పొంగుతుందో, ఈ ఇంటివాళ్ళు ఎందుకు అమ్ముకుంటున్నారో, అన్నీ ఆ ఒక్క గ్లాసు నీళ్ళతో బయటికి వచ్చేవి.

అన్నీ చూడడం అయ్యాక ఇంటివాళ్ళు కుర్చీలు వేసి చాయ్ తెచ్చేవారు. ఇల్లు చూడవచ్చిన వాళ్ళకు చాయ్ పెట్టకుండా పంపడం మా దగ్గర లేదు. ఆయన రెండు చేతులూ జోడించి, "ఇప్పుడే తాగచ్చిన తల్లీ" అనేవారు. కొన్ని ఇళ్ళలో "షుగరున్నది బిడ్డా" అనేవారు. మేం తాగేదాకా కూర్చుని, బయటికొచ్చి చెప్పులు వేసుకుంటూ మెల్లగా "ఖల్లివల్లి" అనేవారు. అరబ్బుల మాట. పోనీ, వదిలెయ్ అని. గల్ఫ్ పోయొచ్చిన వాళ్ళ నోట మా వైపు ఎవరైనా విన్న మాటే. ఆయన నోట వింటే మాత్రం నాకు ఒళ్ళు మండిపోయేది.

"ఏం తక్కువైంది మామా గీ ఇంటికి?" అని అడిగితే సూటిగా చెప్పేవారు కాదు. "చూద్దాం తియ్యి. తొందరేమున్నది?" అనేవారు. తొందరేమున్నదా? మాకు తొందర తప్ప ఇంకేమీ లేదు. ఇంతా చేసి బస్టాండు దగ్గర హోటల్లో కూర్చుని, సాసర్లో పోసుకుని ఊదుకుంటూ రెండు చాయ్‌లు తాగేవారు, చక్కెర వేసినవే.

మూడో ఇల్లో నాలుగో ఇల్లో చూసి వచ్చినప్పుడు మా ఆయన కనిపెట్టాడు. "చూసినవా? చిన్నబాపు చాయ్ ముట్టలేదంటే ఆ ఇల్లు క్యాన్సిల్ అన్నట్టే" అన్నాడు, ఏదో పెద్ద మిషను బాగుచేసినంత గర్వంగా. అప్పటి నుంచి మాకు అదే గుర్తు. నిజమా అని ఆయన్నే అడగొచ్చు. అడగలేదు. పెద్దమనిషిని నిలబెట్టి, మీరు చాయ్ ఎందుకు తాగలేదు అని అడిగితే ఏం బాగుంటుంది? పైగా మాకూ హాయిగానే ఉండేది. ఏ ఇల్లయినా మేం బాగుంది అననక్కరలేదు, బాగాలేదు అననక్కరలేదు. గోడలు చూడడం మానేసి నేను ఆయన చేతుల వంక చూడడం మొదలుపెట్టాను.

జగిత్యాలలో ఖిల్లా వైపు ఒక సందులో రెండు గదుల పాత ఇల్లు చూశాం. నా ప్రాణం ఆ ఇంటి మీదే ఉండేది. ల్యాబ్‌కు నడిచి పోవచ్చు. స్కూలు ఆటో సందు మొదట్లోనే ఆగుతుంది. వంటింట్లోకి పొద్దుటెండ పడుతుంది. నేను నిలబడ్డచోటే పొయ్యి ఎక్కడ, బియ్యం డబ్బా ఎక్కడ, పాప మంచం ఎక్కడ అని సర్దేసుకున్నాను. మా ఆయన గేటు దగ్గర ఎవరితోనో ఫోన్లో మగ్గం మోటారు గురించి మాట్లాడుతున్నాడు. చాయ్ వచ్చింది. చిన్నమామ చేతులు జోడించారు. ఆ రోజు నేను నా చాయ్ సగం తాగి వదిలేశాను. ఇప్పుడా ఇంట్లో ఎవరో ఉంటున్నారు. తలుపులకు నీలం రంగు వేయించుకున్నారు. రోజూ ల్యాబ్‌కు ఆ సందు ముందు నుంచే పోతాను. ఒకసారి కావాలని తొంగిచూశాను. హాయిగా ఉన్నారు. ఏ లోపమూ వాళ్ళను మింగెయ్యలేదు.

సిరిసిల్లలో చూసిన ఇంట్లో ముందు గదిలో ఒకప్పుడు మగ్గాలు నడిచేవట. మగ్గాలు తీసేసినా వాటి కాళ్ళ గుంటలు, నూనె మరకలు నేల మీద అలాగే ఉన్నాయి. పక్కింట్లో మగ్గాలు ఇంకా నడుస్తున్నాయి. మాట్లాడాలంటే అరవాలి. చిన్నమామ గోడకు అరచెయ్యి ఆనించి, పిల్లవాడికి జ్వరం చూస్తున్నట్టు చాలాసేపు నిలబడ్డారు. మా ఆయన మాత్రం ఆ చప్పుడులో పెళ్ళికొడుకులా తిరిగాడు. పెరట్లో అడుగులతో కొలతలు వేసుకున్నాడు. ఇక్కడ షెడ్డు వేసుకుంటే సొంతంగా రిపేరు పని పెట్టుకోవచ్చు అని ఓనరుతోనే అన్నాడు. నేను గుమ్మం దగ్గరే నిలబడ్డాను. చెప్పులు విప్పబుద్ధి కాలేదు. ఎండ అని చెప్పాను. చాయ్ వచ్చింది, చిన్నమామ చేతులు జోడించారు. నాకు ప్రాణం లేచొచ్చింది. పైకి మాత్రం అయ్యో అన్నాను.

అలా మూడేళ్ళు. కాళ్ళరిగేలా తిరిగాం. ఊరి బయట ప్లాట్లు చూపించే ఒక బ్రోకరు అయితే, "మేడం, గీడికి రింగు రోడ్డు అస్తది, ఇప్పుడు తీసుకోకుంటే మీ ఇష్టం" అని చెవిలో ఇల్లు కట్టుకుని పోరు పెట్టాడు. చిన్నమామ అతనితో, "అచ్చినంక ఫోన్ చెయ్యి బాబూ" అన్నారు. అతను మళ్ళీ చెయ్యలేదు. ఆ రోజు ముగ్గురం నవ్వుకున్నాం. ఇంటికొచ్చి లెక్క చూసుకుంటే నవ్వు రాలేదు. మేం వద్దనుకున్న ఒక్కొక్క ఇల్లూ మేం చూస్తుండగానే మా చెయ్యి దాటిపోతోంది. మొదటి ఏడాది అందినవి రెండో ఏడాది అందలేదు. నేను రాత్రి అన్నం దగ్గర ఒంటికాలి మీద లేచేదాన్ని. "మీ చిన్నబాపుకు మనం కిరాయికుండుడే ఇష్టమున్నట్టున్నది" అనేదాన్ని. మా ఆయన పళ్ళెంలోకి చూస్తూ తినేవాడు.

కోరుట్ల అనే మాట మొదట ఎవరి నోట వచ్చిందో ఇద్దరికీ గుర్తు లేదు. నా ఉద్యోగానికీ దూరమే, ఆయన పనికి ఇంకా దూరం. అయినా అక్కడైతే ధర కొంచెం తక్కువ, మనవాళ్ళున్నారు, చిన్నమామ ఉన్నారు అని ఒకరికొకరం నచ్చజెప్పుకున్నాం. చిన్నమామతో చెబితే, "సరే, చూద్దాం" అన్నారు.

కోరుట్ల శివారులో ఇల్లు. రెండు గదులు, ముందు కాస్త ఖాళీ, వెనక జామచెట్టు. ఇంటామె ఒక్కతే ఉంది. నలభై అయిదేళ్ళుంటాయేమో. కొడుకు హైదరాబాద్‌లో పని చేస్తాడట, అక్కడికే పోతుందట, అందుకని అమ్ముతోందట. చిన్నమామను చూడగానే కొంగు సర్దుకుని, "మంచిగున్నవానే అన్నా?" అంది. ఊరి మనిషి కదా, తెలిసే ఉంటుందనుకున్నాం. ఆ రోజు ఆయన స్నానాల గదిలో నీళ్ళు పొయ్యలేదు. గోడ గీకలేదు. పక్కింటికీ పోలేదు. వరండాలో స్టూలు మీద కూర్చుని జామచెట్టు వంక చూశారు. నా కళ్ళు ఆయన చేతుల మీదే ఉన్నాయి. ఆమె స్టీలు గ్లాసులో చాయ్ తెచ్చింది. ఆయన అందుకున్నారు. తాగారు. చివరి చుక్క దాకా తాగి, గ్లాసు తానే తీసుకుపోయి గడప దగ్గర పెట్టారు.

మా ఆయన నా వంక చూశాడు. నేను ఆయన వంక చూశాను. మూడేళ్ళలో మాకు అంత సంతోషం ఎప్పుడూ కలగలేదు. ఆటోలో మా ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. చిన్నమామ ఖల్లివల్లి అనలేదు. అసలేమీ అనలేదు. అది కూడా మాకు ఔననే వినిపించింది.

మర్నాడే మేమిద్దరం పోయి బయానా ఇచ్చేశాం, అంటే ఇల్లు మేమే తీసుకుంటామని మాట ఖాయం చేసుకునేందుకు ముందుగా ఇచ్చే డబ్బు. చిన్నమామకు చెప్పలేదు. బయానా అయ్యాకే మిఠాయితో పోయి చెబుదాం, ఆయన ముఖం చూడాలి అంది నేనే. అరకిలో లడ్డూలు కట్టించుకుని అట్నుంచి అటే వాళ్ళింటికి పోయాం. అత్త, అంటే చిన్నమామ భార్య, కుర్చీలు వేసింది. ఆయన డబ్బా మూత తీసి చూసి, లడ్డూ ముట్టకుండానే, "ఏంది ముచ్చట?" అన్నారు.

"గా శివారుల ఇల్లు, చిన్నబాపూ. బయానా ఇచ్చినం" అన్నాడు మా ఆయన.

చిన్నమామ మూత మళ్ళీ పెట్టేశారు. "అది చెరువు శిఖంల ఉన్నది గదరా" అన్నారు. శిఖం అంటే చెరువు నిండినప్పుడు నీళ్ళు నిలిచే భూమి. "వానలు మంచిగ పడ్డ ఏడు నీళ్ళు గా జామచెట్టు దాకా అస్తయి. ఆమె మొగడు దుబాయిల ఉండి ఫోన్ల మాట్లాడి తీసుకున్నడు. తెల్ల కాయితం మీద రాసిచ్చిండ్రు. అది రిజిస్ట్రీ కాదు. గా కాయితం చెల్లదని ఆమెకు గూడ తెల్వది పాపం."

"మరి చాయ్ తాగిండ్రు గదా మామా?" అన్నాను.

"చాయ్‌కు ఇంటికి ఏం సంబంధం?"

మా ఆయన నీళ్ళు నములుతూ చెప్పుకొచ్చాడు. మూడేళ్ళుగా మేం ఆయన చాయ్‌ని ఎలా చూశామో, ఆ ఇంట్లో తాగితే ఎలా మురిసిపోయామో. చిన్నమామ తల పట్టుకున్నారు. అత్త నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్వాపుకుంటోందో ఏడుపాపుకుంటోందో తెలియలేదు.

"ఆమె మొగడు నేను ఒక్క రూముల ఉన్నం బిడ్డా, పన్నెండేండ్లు" అన్నారు ఆయన నాతో. "ఆడనే పాణం పోయింది. శవం పెట్టె ఎంట నేనే అచ్చిన. ఆ పొల్ల చేతి చాయ్ నేనెట్ల వద్దంట? ఆ ఇంట్ల గోడ ఎట్ల గీకుత?"

"గంత తెలిసినప్పుడు ఆటోలనన్న చెప్పకపోతిరి?"

"చెప్తుంటి. మాపటికి మీరే ఫోన్ చేస్తరనుకున్న. ఎట్లున్నది మామా, తీసుకోవాల్నా అని నోరు తెరిచి అడిగేది లేదా?"

అది నిజం. అడగలేదు. అడగకపోవడం నా తప్పే అని ఒప్పుకునే స్థితిలో లేను. కడుపులో మూడేళ్ళ మంట ఉంది. "ఇదొక్కటేనా? ఇన్ని ఇండ్లు చూపిస్తే ఒక్కదానికి ఔననకపోతిరి. జగిత్యాల ఇంటికి ఏం రోగమచ్చింది? చెప్పుండ్రి, ఇయ్యాల చెప్పుండ్రి" అన్నాను. మామ ముందు గొంతు పెంచడం నా జన్మలో అదే మొదలు.

ఆయన గుడ్డముక్క తీసి, గోడేమీ ముట్టుకోకుండానే వేళ్ళు తుడుచుకున్నారు. "జగిత్యాల ఇల్లు మంచిదే" అన్నారు.

"మరి?"

"కొనేది లేనికాడ చాయ్ తాగుడు నా మనసున పట్టది బిడ్డా. పాపం, వాళ్ళు ఆశతోని పెడ్తరు. మీరు కొనరని నాకు రెండో ఇంటికాడనే తెలిసింది. మీరిద్దరు ఒక్క అర్రల నిలవడంగ నేను ఏ ఇంట్ల చూడలే. జగిత్యాలల నువ్వు వంటింట్ల ఉంటే వాడు గేటుకాడ ఫోన్ల ఉండె. సిరిసిల్లల వాడు పెరట్ల కొలుసుకుంటుంటే నువ్వు చెప్పులు గూడ ఇడువకపోతివి. నేను ఒక్కదానికి ఔనంటే మీ ఇద్దర్ల ఒకరు బతుకంత ఏడుస్తరు. ఎట్లంట? కోరుట్ల మీ ఇద్దరికి ఇష్టం లేదు. గందుకే ఇద్దరు సరే అన్నరు."

ఎవరైనా చెంపదెబ్బ కొడితే ముందు చెయ్యి చెంపమీదికి పోతుంది. నాకు మాత్రం నోరే లేచింది. "మా మొగడు పెండ్లాల నడుమ మీరెందుకు మామా? ఇల్లు చూడమంటే గోడలు చూడాలె. మమ్ముల చూడుమన్నమా?" అన్నాను. మా ఆయన నా మోచెయ్యి పట్టుకుని లేపాడు. నేను అన్నన్ని మాటలు అన్నా చిన్నమామ గేటు దాకా వచ్చారు, చెప్పులు లేకుండానే. నేను వెనక్కి తిరిగి చూడలేదు.

బయానాలో సగం తిరిగొచ్చింది. మిగతా సగం ఆమె పాత బాకీ కింద అప్పటికే కట్టేసింది. ఆమె తన ఇంటి సంగతి మా నోట విని, జామచెట్టు కింద చతికిలబడింది. ఆ ముఖం చూశాక అడగడానికి మాకు నోరు రాలేదు. ఆ కోపమంతా కూడా నేను చిన్నమామ ఖాతాలోనే వేశాను. మా ఆయన అప్పుడప్పుడు ఫోన్ చేసేవాడు. నేను పక్క గదిలోకి పోయేదాన్ని. చిన్నమామ ఆ రోజు అన్న మాట గురించి మేమిద్దరం ఒక్కసారి కూడా మాట్లాడుకోలేదు. దాని చుట్టూ తిరిగాం, గదిలో అడ్డంగా పెట్టిన బీరువా చుట్టూ తిరిగినట్టు. కొత్త ఇల్లు చూడ్డానికీ పోలేదు. ఒక జూన్ దాటిపోయింది.

పోయిన చలికాలంలో ఆయన మా ల్యాబ్‌కు వచ్చారు. షుగరు పరీక్షకట. కోరుట్లలో ల్యాబులకు కరువా? కౌంటర్ దగ్గర నిలబడి, "మా కోడలు ఉన్నదా?" అని అడగడం లోపలి గదిలోకి వినిపించింది. బిజీగా ఉన్నారని చెప్పు అని మాతో పనిచేసే అమ్మాయిని పంపి, రక్తం కూడా ఆమెతోనే తీయించాను. అద్దంలోంచి చూశాను. చొక్కా చెయ్యి కిందికి దించుకుని బెంచీ మీద చాలాసేపు కూర్చున్నారు. తర్వాత లేచి, గోడ మీద చెమ్మ దిగిన చోట గోటితో ఒకసారి గీకి, గుడ్డతో తుడుచుకుని వెళ్ళిపోయారు. సాయంత్రం రిపోర్టు మీద సంతకం పెట్టింది నేనే. షుగరు లేదు. ఆ మనిషికి ఏ పరీక్షా అవసరం లేదు, నాతో ఒక మాట మాట్లాడడానికి బస్సెక్కి వచ్చారు. రేపు ఫోన్ చేద్దాం అనుకున్నాను. తర్వాత ఎల్లుండి అనుకున్నాను. ఆయన మీద కోపం అనుకుంటూ మోసిందాంట్లో సగం నా మీద నాకున్న కోపమేనని అప్పటికే తెలుసు. తెలిసినా చెయ్యలేదు.

ఫోన్ వచ్చిన మంగళవారం పాపను పక్కింట్లో వదిలి ఇద్దరం కోరుట్ల పోయాం. మేం పోయేసరికి వాకిట్లో పడుకోబెట్టారు. చుట్టూ జనం. ఆయన చేత్తో కట్టిన ఇళ్ళ వాళ్ళు, ఆయన కాదన్నందుకు కొనకుండా ఆగినవాళ్ళు, గల్ఫ్ నుంచి సెలవు మీద వచ్చినవాళ్ళు. శివారు ఇంటామె కూడా ఉంది. ఆ ఇల్లు అమ్ముడుపోక ఇంకా అందులోనే ఉంటోందట. నన్ను చూసి పక్కకు జరిగి చోటిచ్చింది. అత్త నా చెయ్యి పట్టుకుంది. ఆమె తిట్టినా పడేదాన్ని. నేను ఆయన కాళ్ళ దగ్గర కూర్చుని ఏడ్చాను. జనం కోడలు ఎంత ప్రేమగలదో అనుకుని ఉంటారు.

తిరుగు బస్సులో ఇద్దరికీ ఒక్క సీటే దొరికింది. సాయంత్రం. కండక్టరు టికెట్లిచ్చి ముందుకు పోయాడు. మా ఆయన కిటికీలోంచి పసుపు చేలు చూస్తున్నాడు. పెళ్ళయి పదేళ్ళయిన మొగుణ్ణి ఒక మాట అడగడానికి అంత భయమెందుకో.

"నీకు ఏ ఊర్ల ఉండాలని ఉన్నది?" అన్నాను.

"ఇప్పుడెందుకు గా ముచ్చట?"

"ఇప్పుడే చెప్పు."

"సిరిసిల్ల" అన్నాడు. ఆలోచించుకోవడానికి కూడా ఆగలేదు. మాట ఎన్నాళ్ళ నుంచో నాలుక చివరే ఉన్నట్టుంది. "ఆడ నేను నడుస్తుంటే నలుగురు పిలుస్తరు. మగ్గం ఆగితే నా కోసం చూస్తరు. జగిత్యాలల నేను ఎవ్వన్ని? పండుకోవడానికి అస్త, పోత."

"నాకు జగిత్యాల" అన్నాను. "గా చప్పుడుల నేనుండ. నా కొలువు ఇడిసిపెట్టి, మళ్ళ కొత్తగ ఎవల్నో అడుక్కొని చేరుడు నాతోని కాదు."

"మరి మూడేండ్ల సంది ఎందుకు చెప్పకపోతివి?"

"నువ్వెందుకు చెప్పలే?"

"నువ్వు బాధపడతవని."

"నేను గూడ గందుకే."

ఆ మాటతో ఇద్దరం మెత్తబడి ఉంటామని మీరు అనుకుంటే పొరపాటు. గొంతులు లేచాయి. నా జీతం, ఆయన షెడ్డు, పాప బడి, బస్సులో అరిగిపోయిన ఆయన నడుము, మగ్గాల మోతకు వచ్చే నా తలనొప్పి, అన్నీ ఆ సీట్లోనే బయటపడ్డాయి. ముందు సీటు ముసలమ్మ రెండుసార్లు వెనక్కి తిరిగి చూసింది. జగిత్యాల బస్టాండు వచ్చింది, అందరూ దిగిపోయారు. ఆయనా తగ్గలేదు, నేనూ తగ్గలేదు. కండక్టరు వచ్చి దిగమనేదాకా అలాగే కూర్చుని ఉన్నాం. ఇంటి గురించి మేమిద్దరం మాట్లాడుకోవడం అదే మొదటిసారి.